లాయరు, లెక్కల మాస్టారు, ప్రోగ్రామరు: ఒక పాత తగువు

2024 జులై 5న ఆదాయపు పన్ను శాఖ రిటర్నులు నింపే సాఫ్ట్‌వేర్‌ను మార్చింది. కొత్త పన్ను విధానంలో మొత్తం ఆదాయం 7 లక్షలు దాటనివాళ్లకు అప్పట్లో సెక్షన్ 87ఏ కింద 25,000 రూపాయల దాకా రిబేటు ఉండేది. ఆ ఆదాయంలో కొంత షేర్లు అమ్మగా వచ్చిన స్వల్పకాలిక లాభమైనా, మార్పుకు ముందు సాఫ్ట్‌వేర్ రిబేటు ఇచ్చేది. మార్పు తర్వాత ఆ లాభం మీద పడే పన్నుకు ఇవ్వడం మానేసింది. ఒకే ఆఫీసులో పక్కపక్క సీట్లలో కూర్చునే ఇద్దరిని అనుకోండి. ఆదాయం ఒక్కటే, ఏడాది ఒక్కటే. జూన్‌లో రిటర్ను వేసినవాడి ఫారంలో కట్టాల్సింది సున్నా, జులై రెండో వారంలో వేసినవాడికి వేలల్లో పన్ను. ఈ మధ్యలో సెక్షన్ 87ఏలో ఒక్క అక్షరం మారలేదు. మారింది కోడ్ మాత్రమే.

గొడవ బాంబే హైకోర్టుకు చేరింది. 2025 జనవరిలో కోర్టు ఇచ్చిన తీర్పు గమనించదగ్గది. రిబేటు వస్తుందా రాదా అన్నది అది తేల్చలేదు. కానీ అడిగే అవకాశమే లేకుండా సాఫ్ట్‌వేర్ అడ్డుపడటం కుదరదని, క్లెయిము వేయనివ్వాలని చెప్పింది. వాదన ఉన్న చోట తీర్పు చెప్పాల్సింది అధికారి, ఆ పైన కోర్టు. డ్రాప్‌డౌన్ మెనూ కాదు.

చట్టంలోని వాక్యాన్ని కంప్యూటర్‌కు అర్థమయ్యేలా రాసేది ఎవరు? లా చదివినవాళ్లకు కోడ్ రాదు. కోడ్ వచ్చినవాళ్లు చట్టం చదవరు. రెండింటికీ అడుగున ఉన్న తర్కం, సంభావ్యత లెక్కల శాఖలో ఉన్నాయి. అందుకే ఈ మూడింటినీ కలిపే పీహెచ్‌డీల గురించి ఈమధ్య గట్టిగా వినిపిస్తోంది. యూరప్‌లో బొలోన్యా విశ్వవిద్యాలయం ముందుండి, చట్టం, సైన్సు, టెక్నాలజీ కలిపిన ఉమ్మడి డాక్టరేట్‌ను 2012 నుంచి నడిపిస్తోంది. కొత్త కోర్సులా కనిపిస్తుంది గానీ, ఈ సంబంధం వయసు మూడున్నర శతాబ్దాలు.

లైబ్నిజ్ అనగానే మనకు ఇంటర్‌లో చదివిన కాలిక్యులస్ గుర్తొస్తుంది. ఆయన డాక్టరేట్ మాత్రం న్యాయశాస్త్రంలో. 1666లో, ఇరవై ఏళ్ల వయసులో, సొంత ఊరు లైప్‌జిగ్‌లో డాక్టరేట్ అడిగితే ఇవ్వలేదు. వరసలో పెద్దవాళ్లున్నారు, కుర్రాడివి, ఆగమన్నారు. ఆయన ఆగలేదు. న్యూరెంబర్గ్ దగ్గర ఆల్ట్‌డార్ఫ్‌కు వెళ్లి అదే ఏడాది సిద్ధాంత వ్యాసాన్ని సమర్థించుకున్నాడు, 1667లో పట్టా తీసుకున్నాడు. వెంటనే ప్రొఫెసర్ పదవి ఇస్తామంటే వద్దన్నాడు. ఆ వ్యాసం చిక్కు కేసుల గురించి. రెండు వైపులా చట్టం సమానంగా ఉన్నట్టు కనిపిస్తే ఏం చేయాలి? చీట్లు వేయాలా, జడ్జి ఇష్టానికి వదిలేయాలా? రెండూ కాదు, జాగ్రత్తగా తర్కిస్తే ప్రతి కేసుకూ చట్టంలోనే జవాబు ఉంటుందన్నాడు. అంతకు ముందు ఏడాది షరతులతో కూడిన హక్కుల మీద రాస్తూ, అసలు లేని హక్కుకు 0, షరతు మీద ఆధారపడిన హక్కుకు భిన్నం, పూర్తి హక్కుకు 1 అని గుర్తులు వేశాడు. ఇద్దరు తగువు పడితే కూర్చుని ‘లెక్క వేద్దాం’ అనుకునే రోజు రావాలన్న ఆయన ప్రసిద్ధ ఆశకు మొదటి అడుగులు లా పుస్తకాల్లోనే పడ్డాయి.

నన్నడిగితే ఈ కథలో అసలు హీరో లైబ్నిజ్ కాదు, నికొలస్ బెర్నూలీ. బెర్నూలీల ఇంట్లో గణితజ్ఞులు ఎంతమందో, పేర్లూ అంతే గందరగోళం. ఈయన సంభావ్యతా శాస్త్రానికి పునాది వేసిన యాకబ్‌కు తమ్ముడి కొడుకు. 1709లో బాజెల్‌లో న్యాయశాస్త్ర డాక్టరేట్‌కు ఇచ్చిన సిద్ధాంత వ్యాసం విషయమే ‘చట్టంలో ఊహా కళ ఉపయోగం’. ఊహా కళ అంటే అప్పటి మాటల్లో సంభావ్యత. జీవితాంతం ఏటేటా సొమ్ము చెల్లించే ఒప్పందానికి ఎంత ధర కట్టాలి, సముద్రంలో సరుకుకు బీమా ఎంత, లాటరీ న్యాయంగా ఉందా, సాక్షి మాట ఎంత నమ్మొచ్చు, ఇలాంటివన్నీ అందులో ఉన్నాయి. పెదనాన్న అచ్చు వేయకుండా వదిలి వెళ్లిన రాతల్లోంచి కొన్ని భాగాలను ఉన్నవి ఉన్నట్టుగా ఎత్తేశాడని తర్వాత బయటపడింది. ఇప్పటి ప్లేజియరిజం సాఫ్ట్‌వేర్‌కు దొరికితే వైవా దాకా వెళ్లేవాడు కాదేమో.

అందులో ఒక ప్రశ్న మనకు బాగా తెలిసినదే. ఇంట్లోంచి వెళ్లిపోయి ఏళ్ల తరబడి జాడ లేని మనిషిని ఎప్పుడు చనిపోయినట్టు లెక్కించాలి? ఆస్తి పంచుకోవాలి, భార్య మళ్లీ పెళ్లి చేసుకోవాలి. అప్పటి లాయర్లు తలా ఒక అంకె చెప్పేవాళ్లు. బెర్నూలీ మరణాల పట్టిక ముందు పెట్టుకున్నాడు. మనిషి చనిపోయి ఉండే అవకాశం, బతికి ఉండే అవకాశానికి రెట్టింపు అయిన రోజున చనిపోయినట్టు భావించవచ్చన్నాడు. అంటే ఇరవై ఏళ్ల కుర్రాడు తప్పిపోతే చాలా ఏళ్లు ఆగాలి, డెబ్బై ఏళ్ల ముసలాయన తప్పిపోతే అంత అక్కర్లేదు.

లెక్క ప్రకారం ఇందులో వేలెత్తి చూపడానికి ఏమీ లేదు. అయినా చట్టం ఆ దారి పట్టలేదు. మన దగ్గర 1872 నాటి సాక్ష్యాధారాల చట్టంలో సెక్షన్ 108, 2024 జులై నుంచి భారతీయ సాక్ష్య అధినియమంలో సెక్షన్ 111 చెప్పేది ఒక్కటే: బతికి ఉంటే కబురు తెలియాల్సిన వాళ్లకు ఏడేళ్లుగా ఏ కబురూ లేకపోతే, బతికే ఉన్నాడని నిరూపించాల్సిన భారం ఆ మాట అనేవాళ్ల మీద పడుతుంది. పిల్లాడైనా ముసలాయనైనా ఏడేళ్లే. గల్ఫ్‌కు వెళ్లి జాడ తెలియకుండా పోయినవాళ్ల ఇళ్లలోనూ ‘ఏడేళ్లు దాటాలంట’ అనే మాటే వినిపిస్తుంది. మొరటు అంకే, కానీ ఎవరైనా వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు. బెర్నూలీ జవాబుకు పట్టిక కావాలి, అది చదవగలిగే మనిషి కావాలి, ఆ మనిషిని నమ్మాలి.

తర్వాతి రెండు వందల ఏళ్లలో ఆ నమ్మకం పెరగకపోగా తరిగింది. లాప్లాస్, పోసాన్ లాంటి ఫ్రెంచి గణితజ్ఞులు జ్యూరీలో ఎంతమంది ఒప్పుకుంటే తీర్పు ఎంతవరకు నిజమవుతుందో సూత్రాలు రాశారు. సాక్షుల, జ్యూరీల మీద సంభావ్యతను ఇలా ప్రయోగించడం గణితానికే తలవంపులని ఇంగ్లిష్ తత్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ ఘాటుగా తిట్టాడు. ఫ్రాన్సులో, దేశద్రోహం చేశాడని సైన్యాధికారి డ్రేఫస్ మీద పెట్టిన కేసులో, చేతిరాత మీద వేసిన తప్పుడు సంభావ్యత లెక్కలను చివరికి 1904లో పాంకరే సహా ముగ్గురు గణితజ్ఞులు పనికిరావని తేల్చాల్సి వచ్చింది.

అదే తప్పు అమెరికాలో మళ్లీ జరిగింది. 1964లో లాస్ ఏంజెలెస్‌లో ఒక వృద్ధురాలి పర్సు కొట్టేశారు. జుట్టు వెనక్కి ముడేసిన తెల్లమ్మాయి పరుగెత్తి, గడ్డం మీసాలున్న నల్లజాతి మనిషి నడిపే పసుపు కారెక్కిందని సాక్షులు చెప్పారు. పోలీసులు ఒక జంటను పట్టుకున్నారు. ప్రాసిక్యూటర్ కాలేజీ లెక్కల లెక్చరర్‌ను బోనెక్కించి, విడివిడి అవకాశాలను గుణిస్తే అన్నీ కలిసి జరిగే అవకాశం వస్తుందనే గుణకార సూత్రం చెప్పించాడు. అంకెలు మాత్రం తనే ఇచ్చాడు: పసుపు కారు పదింట ఒకటి, మీసాలున్న మగవాడు నాలుగింట ఒకడు, వెనక్కి ముడేసిన జుట్టు పదింట ఒకటి, బంగారు రంగు జుట్టు మూడింట ఒకటి, గడ్డమున్న నల్లజాతి మనిషి పదింట ఒకడు, ఒకే కారులో ఇలాంటి జంట వెయ్యింట ఒకటి. అన్నీ గుణిస్తే కోటీ 20 లక్షల్లో ఒకటి. జ్యూరీ దోషులని తేల్చింది.

మీరే గుణించి చూడండి, గుణకారంలో తప్పు లేదు. తప్పంతా గుణించే ముందే జరిగింది. ఆ ఆరు అంకెలకు ఆధారం ఏమీ లేదు. గడ్డం ఉన్నవాడికి మీసం ఉండటం వేరే విశేషం కాదు, ఆ రెండింటినీ విడివిడిగా గుణించకూడదు. 1968లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఆ శిక్ష కొట్టేస్తూ తీర్పు వెనక గణిత అనుబంధం కూడా జతచేసింది. ఆ అంకెలన్నీ నిజమనుకున్నా సరే, అదే వర్ణనకు సరిపోయే ఇంకో జంట ఆ ప్రాంతంలో ఉండే అవకాశం 40 శాతానికి పైనే అని అందులో లెక్క కట్టి చూపింది. లెక్కతో చేసిన మోసాన్ని లెక్కతోనే పట్టుకున్నారు. గణితంలో పీహెచ్‌డీ మొదలుపెట్టి, వదిలేసి లా చదివి, ఆ కోర్టులోనే కొంతకాలం జడ్జికి సహాయపడే లా క్లర్కుగా పనిచేసిన లారెన్స్ ట్రైబ్ 1971లో పెద్ద వ్యాసం రాశాడు. కోర్టులో నేరాన్ని అంకెలతో తూచడం అసలు వద్దన్నది దాని సారం. లా కాలేజీల్లో ఆ వ్యాసం మీద వాదన ఇంకా నడుస్తూనే ఉంది.

అంకెల దారి ఇలా మూసుకుపోతుంటే, తర్కం వైపు నుంచి ఇంకో దారి తెరుచుకుంది. 1986లో లండన్ ఇంపీరియల్ కాలేజీలో మారెక్ సెర్గో, రాబర్ట్ కొవాల్‌స్కీ, వాళ్ల బృందం 1981 నాటి బ్రిటిష్ పౌరసత్వ చట్టంలో పెద్ద భాగాన్ని, తర్క నియమాలతో రాసే ప్రోలాగ్ అనే కంప్యూటర్ భాషలో ప్రోగ్రాంగా రాశారు. ఆ చట్టంలో ఒక చిన్న క్లాజు ఉంది: బ్రిటన్‌లో ఎవరో వదిలేసి వెళ్లిన పసికందు దొరికితే, ‘అలా కాదని రుజువైతే తప్ప’, ఆ బిడ్డ అక్కడే పౌరులకో, స్థిరపడినవాళ్లకో పుట్టినట్టు భావించాలి. కంప్యూటర్ దగ్గరకు వచ్చేసరికి ఈ ‘రుజువైతే తప్ప’ అన్న మాట దగ్గర చిక్కు పడుతుంది. నా దగ్గరున్న సమాచారంలో రుజువు లేదు కాబట్టి లేనట్టే అనుకుంటుంది యంత్రం. పదేళ్ల తర్వాత తల్లి దొరికితే? అప్పటిదాకా పౌరుడిగా ఉన్న పిల్లాడు ఒక్కసారిగా కాకుండా పోతాడా? లాయరు చదివి సాగిపోయే మాట దగ్గర ప్రోగ్రాం రాసేవాడు ఆగిపోక తప్పదు. ఆ ఆగిపోవడమే నాకు ఈ పరిశోధనల్లో అన్నిటికంటే విలువైనదిగా అనిపిస్తుంది. చట్టం చెప్పకుండా వదిలేసిన చోటు అక్కడ బయటపడుతుంది.

ఆ రోజుల్లోనే అమెరికాలో మూడు శాఖలూ ఒకే గదిలోకి వచ్చాయి. ఎడ్వినా రిస్‌ల్యాండ్ 1977లో ఎంఐటీలో గణితంలో పీహెచ్‌డీ చేసింది. విషయం, గణితజ్ఞులు ఉదాహరణలతో, ఒక మాట తప్పని చూపే ఎదురు ఉదాహరణలతో సిద్ధాంతాలను ఎలా అర్థం చేసుకుంటారన్నది. ఆమె తర్వాత మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసర్ అయింది. ప్రాక్టీసు చేసి వచ్చిన లాయరు కెవిన్ ఆష్లీ ఆమె దగ్గర పీహెచ్‌డీలో చేరాడు. లా క్లాసులో ప్రొఫెసర్ ‘సరే, రహస్యం ఒక్కడికే చెప్పాడనుకో, వందమందికి చెప్పాడనుకో, అప్పుడు?’ అని కేసును సాగదీసి అడుగుతాడు. గణితజ్ఞుడు ఎదురు ఉదాహరణతో చేసేదీ అదే పని. వ్యాపార రహస్యాల కేసుల మీద ఆ సాగదీయడాన్ని యంత్రంతో చేయించిన హైపో అనే ప్రోగ్రాం ఆష్లీ సిద్ధాంత వ్యాసంలోంచి వచ్చింది. అది తీర్పు చెప్పదు. ఇరుపక్షాలూ ఏ పాత కేసును పట్టుకుని ఎలా వాదించవచ్చో చూపిస్తుంది.

ఇంకో కొమ్మ మన వ్యక్తిగత వివరాల దాకా పాకింది. 1997లో ఎంఐటీ పరిశోధక విద్యార్థి లటానియా స్వీనీ, పేర్లు తీసేసి పరిశోధనకు ఇచ్చిన ఆస్పత్రి రికార్డుల్లోంచి మసాచుసెట్స్ గవర్నర్ రికార్డును బయటికి లాగింది. 20 డాలర్లు పెట్టి కేంబ్రిడ్జ్ ఓటర్ల జాబితా కొని, పుట్టిన తేదీ, పిన్‌కోడ్, లింగం మూడూ సరిపోల్చింది, అంతే. ‘పేరు తీసేస్తే ఎవరిదో తెలియదు’ అన్న చట్టం నమ్మకం ఆ ఒక్క దెబ్బతో బీటలు వారింది. అక్కణ్నుంచి 2006లో సింథియా డ్వర్క్, ఆమె సహచరులు ఇచ్చిన డిఫరెన్షియల్ ప్రైవసీ (ఒక మనిషి వివరాలు ఉన్నా తీసేసినా ఫలితం దాదాపు మారకూడదన్న షరతు) నిర్వచనం, 2020 అమెరికా జనగణనలో దాని వాడకం, దాని మీద అలబామా రాష్ట్రం వేసిన దావా. 2020లోనే ఎలోనీ కోహెన్, కోబీ నిసిమ్ యూరప్ డేటా చట్టంలోని ‘ఒకరిని విడిగా గుర్తించడం’ అన్న మాటకు గణిత నిర్వచనం రాసి, ఏ పద్ధతి దాన్ని ఆపుతుందో, ఏది ఆపదో సిద్ధాంతాలుగా నిరూపించారు. చట్టంలో మాట, కింద నిరూపణ. లైబ్నిజ్ చూసి ఉంటే కుర్చీలోంచి లేచేవాడు.

ఇక పన్నుల సంగతి. ఫ్రాన్సులో దెనీ మెరిగూ పీహెచ్‌డీలో భాగంగా కతాలా అనే ప్రోగ్రామింగ్ భాష పుట్టింది. చట్టాలు ముందు మామూలు నియమం చెప్పి, తర్వాత మినహాయింపులు చేరుస్తాయి. మన చట్టాల్లో ‘ప్రొవైడెడ్ దట్’ అంటూ మొదలయ్యే పేరాలన్నీ అవే. మామూలు ప్రోగ్రామింగ్ భాషల్లో అదంతా ఒకదానిలో ఒకటి ఇరుక్కున్న ‘ఇఫ్’ (ఇలా అయితే) షరతుల ముద్ద అవుతుంది. కతాలాలో చట్టం పేరా పక్కనే దాని కోడ్ ఉంటుంది, మినహాయింపు మినహాయింపుగానే రాయొచ్చు. లాయరూ ప్రోగ్రామరూ ఒకే స్క్రీను ముందు కూర్చుని వాక్యం వాక్యం రాస్తారు. అలా ఫ్రాన్సు కుటుంబ భత్యాల నియమాలు రాస్తుంటే, అధికారిక ప్రోగ్రాంలోనే తప్పు దొరికింది.

సెక్షన్ 87ఏ రాసినప్పుడు అలాంటి జంట ఎవరైనా కూర్చుని ఉంటే, ‘మొత్తం ఆదాయం మీది పన్ను’ అన్న మాట దగ్గర ప్రోగ్రామరు తప్పకుండా ఆగేవాడు. షేర్ల లాభానికి ప్రత్యేక రేటు ఉంది కదా, అదీ ఇందులోకి వస్తుందా సార్ అని అడిగేవాడు. జవాబు 2025 బడ్జెట్‌లో వచ్చింది. ప్రత్యేక రేటు ఆదాయానికి రిబేటు లేదని చట్టంలోనే రాశారు, అదీ 2025-26 ఆదాయం నుంచి. సాఫ్ట్‌వేర్ మాత్రం ఆ జవాబును 2024 జులైలోనే అమలు చేసేసింది.