అమెరికా గూడ్సు రైలుకు తీగ ఎందుకు లేదు?

నేటి పెద్ద డీజిల్ రైలింజను నిజానికి విద్యుత్తుతోనే నడుస్తుంది. అందులోని డీజిల్ యంత్రం చక్రాలను నేరుగా తిప్పదు. అది ఆల్టర్నేటర్‌ను తిప్పి కరెంటు పుట్టిస్తే, ఆ కరెంటుతో ఇరుసుల దగ్గరుండే ట్రాక్షన్ మోటార్లు బండిని లాగుతాయి. కాబట్టి అమెరికా గూడ్సు రైళ్లు విద్యుత్తుకు మారాలా అన్న చర్చలో తేలవలసింది ఒక్కటే: ఆ కరెంటును బండి మీదే తయారు చేసుకోవాలా, పట్టాల పైనున్న తీగ నుంచి తీసుకోవాలా?

తీగ ఉంటే ఇంజను తన విద్యుత్ కేంద్రాన్నీ ఇంధనపు ట్యాంకునూ మోసుకు తిరగనక్కరలేదు. అమెరికాలో విరివిగా వాడే డీజిల్ ఇంజను సామర్థ్యం 4,400 హార్స్‌పవర్ కాగా, బీహార్‌లోని మధేపురాలో తయారయ్యే డబ్ల్యూఏజీ-12బి అనే విద్యుత్ ఇంజను రెండు భాగాలూ కలిపి 12,000 హార్స్‌పవర్ ఇస్తుంది. ఘాట్ మార్గాలలో మరో ప్రయోజనం కూడా ఉంది. మన కొత్తవలస–కిరండూల్ మార్గంలో బైలదిల్లా ఇనుప ఖనిజం నింపుకున్న బండ్లు శిమిలిగుడ దగ్గర దాదాపు 1,000 మీటర్ల ఎత్తు నుంచి విశాఖ వైపు దిగుతాయి, ఖాళీ పెట్టెలు ఎదురెక్కుతాయి. దిగే బండిని ఆపుతూ మోటార్లు పుట్టించే కరెంటును డీజిల్ ఇంజను రెసిస్టర్లలో వేడిగా మార్చి గాలిలో కలిపేస్తుంది. కొత్త తరం విద్యుత్ ఇంజను దానిని తీగలోకే తిరిగి పంపుతుంది.

ఇది అమెరికాకు తెలియని విద్య కాదు. మిల్వాకీ రోడ్ అనే రైల్వే కంపెనీ 1920 నాటికే మోంటానా, ఐడహో, వాషింగ్టన్ కొండల్లో 650 మైళ్ల మేర 3,000 వోల్టుల తీగ వేసి, దిగే బండ్ల నుంచి కరెంటును వెనక్కి రాబట్టింది. పరికరాలు పాతబడి, చేతిలో డబ్బు ఆడక, 1974లో ఆ విద్యుత్ ఏర్పాటును మూసివేసింది. చమురు ధర నాలుగింతలైన కొద్ది నెలలకే అలా జరగడం చూస్తే ఇంతకన్నా చెడ్డ ముహూర్తం దొరకదనిపిస్తుంది.

అమెరికా దూరాలకు తీగ వేయలేమన్న వాదన నిలవదు. 9,288 కిలోమీటర్ల ట్రాన్స్ సైబీరియన్ మార్గం విద్యుదీకరణ 2002లో పూర్తయింది. ఒకదానిపై ఒకటి పేర్చిన కంటైనర్లకు తీగ అడ్డమన్న వాదన కూడా అంతే. మన పశ్చిమ సరుకు రవాణా కారిడార్‌లో తీగను దాదాపు ఏడున్నర మీటర్ల ఎత్తున కట్టి, 2021 జనవరి నుంచి అటువంటి బండ్లనే నడుపుతున్నారు.

అసలు అడ్డంకి డబ్బు, అంతకన్నా ఆ డబ్బు ఎవరిదన్నది. భారతదేశంలో పట్టాలు ప్రభుత్వానివి. చమురు దిగుమతి తగ్గితే దేశానికి కలిగే లాభాన్ని ప్రభుత్వం తన లెక్కలోనే వేసుకోగలదు. అమెరికాలో పట్టాలు చాలావరకు ప్రైవేటు కంపెనీలవి. డీజిల్‌ను ఏ రోజుకారోజు కొనుక్కోవచ్చు, తీగకూ సబ్‌స్టేషన్లకూ మాత్రం మొత్తం ముందే పెట్టాలి, పైగా పెట్టిన దానిపై ఆస్తి పన్ను కట్టాలి. రోజుకు రెండు బండ్లు నడిచే శాఖా మార్గంలో ఆ పెట్టుబడి ఎన్నటికీ తిరిగి రాదు.

కర్బనపు లెక్క చూస్తే విచిత్రంగా ఉంటుంది. లీటరు డీజిల్ కాలితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది, చక్రాలకు సుమారు మూడున్నర యూనిట్ల శక్తి అందుతుంది. అంటే యూనిట్‌కు ముప్పావు కిలో. బొగ్గు మీద ఎక్కువగా ఆధారపడిన మన గ్రిడ్‌లో యూనిట్ కరెంటు పుట్టడానికే దాదాపు 0.7 కిలోలు వెలువడతాయి, దారిలో పోయే నష్టాలు కలిపితే డీజిల్‌ను మించినా మించవచ్చు. అమెరికా గ్రిడ్‌లో అది 0.4 కిలోల లోపే, అంటే నష్టాలు కలిపినా డీజిల్ కన్నా మూడో వంతుకు పైగా తగ్గుతుంది. తీగ వల్ల వాతావరణానికి ఈరోజే ఎక్కువ మేలు జరిగే దేశంలోనే తీగ లేదు.

తీగ లేని లోటును బ్యాటరీలు పూర్తిగా పూడ్చలేవు. 2021లో కాలిఫోర్నియాలో బార్‌స్టో, స్టాక్టన్‌ల మధ్య డీజిల్ ఇంజన్లకు ఒక బ్యాటరీ ఇంజను జతచేసి పరీక్షిస్తే ఇంధనం 11 శాతం ఆదా అయింది. వేల టన్నుల బండిని వందల మైళ్లు లాగే శక్తి మాత్రం వాటికింకా రాలేదు. నా ఉద్దేశంలో అమెరికా దేశమంతటా తీగ వేయనక్కరలేదు. లాస్ ఏంజెలెస్–షికాగో వంటి రద్దీ మార్గాలలో, ముందుగా కహోన్ వంటి కనుమలలో తీగ వేసి, మధ్య ఖాళీలను బ్యాటరీతో దాటించవచ్చు. అయితే ఆ తీగ ఖర్చులో ప్రభుత్వం వాటా పెట్టకుండా, వాటాదారులకు జవాబు చెప్పుకోవలసిన కంపెనీలు తమంతట తాము ముందుకు రావడం అనుమానమే.