కట్ట దగ్గర కాటేజీలు కట్టే ముందు, కట్ట కింద తడి చూడండి

చెరువు దగ్గర ఎకో టూరిజం అనగానే ప్లాన్‌లో వచ్చేవి దాదాపు ఒకటే: కట్ట వాలు మీద పచ్చిక, వరసగా నీడ చెట్లు, కట్ట దిగువన నాలుగు కాటేజీలు. బొమ్మలో బాగానే ఉంటాయి. కానీ అది మట్టి కట్ట అయితే ఈ మూడూ పెట్టకూడని చోటే పెడుతున్నారు.

మట్టి కట్ట ఎంత బాగా కట్టినా ఊట ఉంటుంది. రేణువుల మధ్య సందుల్లోంచి నీరు మెల్లగా దిగువకు వస్తూనే ఉంటుంది. ఎంత వస్తుందనేది రెండు వైపులా నీటిమట్టాల తేడా, నీరు ప్రయాణించే దూరం, మట్టి రకాన్ని బట్టి ఉంటుంది. ఈ లెక్కకు మూలం ఫ్రాన్స్‌లో హెన్రీ డార్సీ ఇసుకతో చేసి 1856లో ప్రచురించిన ప్రయోగాలే. కాబట్టి ఇంజినీర్లు ఊటను పూర్తిగా ఆపాలని చూడరు, దానికో దారి చూపిస్తారు. మధ్యలో బంకమట్టి, దాని వెనక నీటిని పోనిచ్చి మట్టిని పట్టి ఉంచే ఇసుక ఫిల్టరు, అడుగున డ్రెయిన్.

భయపడాల్సింది నీటితో పాటు మట్టి వస్తున్నప్పుడు. ఊట బయటపడే చోట రేణువులు లేచిపోతే చిన్న రంధ్రం పడుతుంది, దాంతో నీరు నడిచే దూరం తగ్గి వేగం పెరుగుతుంది, ఇంకాస్త మట్టి లేస్తుంది, అలా వెనక్కి జలాశయం వైపు తొలుచుకుంటూ పోయి బుంగ అవుతుంది. అమెరికాలోని ఐడహోలో 93 మీటర్ల టీటన్ డ్యామ్ మొదటిసారి నిండుతున్నప్పుడు దిగువన కనిపించిన ఊటలు తేటగానే ఉన్నాయి. 1976 జూన్ 5 ఉదయం బురదనీరు మొదలైంది. పూడ్చడానికి పంపిన బుల్డోజర్లు ఆ బుంగలోకే జారిపోయాయి, మధ్యాహ్నం పన్నెండు కొట్టకముందే గండి పడింది. 11 మంది చనిపోయారు.

ఊట మీద దర్యాప్తు నిజానికి కళ్లతోనే మొదలవుతుంది. తేటగా ఉందా, బురదగా ఉందా? నీటిమట్టం అంతే ఉన్నా ఊట పెరుగుతోందా? కొలవడానికి ఊట నీటికి అడ్డంగా పెట్టిన, 'వి' ఆకారపు గాడి ఉన్న పలక చాలు. గాడిలో నీటి ఎత్తు రెట్టింపైతే ప్రవాహం రెట్టింపు కాదు, దాదాపు అయిదున్నర రెట్లవుతుంది, అందుకే చిన్న మార్పునూ తేలిగ్గా తీసుకోరు. కట్ట లోపలి నీటి ఒత్తిడిని పీజోమీటర్లు చెబుతాయి. ఆ నీరు చెరువుదా, పక్క గుట్టల భూగర్భజలమా అన్నది ఇంకో చిక్కు. ఎండకు ఆవిరైన చెరువు నీటిలో బరువైన ఆక్సిజన్ ఐసోటోపు (ఆక్సిజన్‌లోనే కాస్త బరువెక్కువ ఉండే రకం) వాటా పెరుగుతుంది కాబట్టి ఊట నీటిని ఆ రెండిటితో పోల్చి చూస్తారు, లేదంటే చెరువు నీటిలో రంగు కలిపి ఎక్కడ తేలుతుందో కనిపెడతారు. మట్టిలో విద్యుత్ నిరోధాన్ని కొలిచినా తడి దారులు కొంత బయటపడతాయి.

ఇప్పుడు ఆ ప్లాన్ మళ్లీ చూడండి. రోజూ స్ప్రింక్లర్‌తో తడిపే పచ్చికలో కొత్త ఊటను ఎవరు గుర్తుపడతారు? చెట్టు చచ్చాక కుళ్లిన వేళ్లు నీటికి సొరంగాలిస్తాయి. పారేసిన తిండికి ఎలుకలు, పందికొక్కులు చేరి బొరియలు తవ్వుతాయి. కట్టను కోసి వేసిన పైపుల పక్కనే నీరు దారి వెతుక్కుంటుంది. బోటింగ్ కోసం చెరువును ఎప్పుడూ నిండుగా ఉంచడం కూడా ఇబ్బందే, ఎందుకంటే కట్ట లోపల తడి గీత, అంటే ఊట నీరు నిండి ఉండే పై హద్దు, పైకే ఉండిపోతుంది.

టూరిజం వద్దని కాదు. కాటేజీలు, చెట్లు, తిండి దుకాణాలు కట్టకు దూరంగా, సహజమైన ఎత్తు నేల ఉన్న ఒడ్డు వైపుకి జరపొచ్చు. దిగువ వాలు మీద పొట్టి గడ్డి తప్ప ఏమీ ఉండకూడదు, కట్ట అడుగున మనిషి నడిచి చూసేంత దారి ఖాళీగా వదలాలి. గాడి పలక దగ్గర ఒక బోర్డు పెట్టి, ఈ రోజు ఊట ఎంతో రాస్తే సందర్శకులూ ఆగి చూస్తారు.