పొడి నింపిన సిలిండర్‌లో ఎక్కువ గ్యాసు ఎలా పడుతుంది?

సిలిండర్‌లో ముందుగా ఒక పొడి నింపి, ఆ తర్వాత హైడ్రోజన్ పంపితే ఖాళీ సిలిండర్‌లో కంటే ఎక్కువ పడుతుందట, నమ్మవచ్చా అని ఒక పాఠకుడు అడిగారు. నీళ్లు పోస్తే నడిచే కార్ల కథలు ఇన్ని విన్నాక ఆ అనుమానం సబబే. అయినా ఇది నిజం.

ఆ పొడి పేరు మెటల్ ఆర్గానిక్ ఫ్రేమ్‌వర్క్, పొట్టిగా ఎంఓఎఫ్. సుసుము కిటగావా, రిచర్డ్ రాబ్సన్, ఒమర్ యాగిలకు 2025 రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది వీటి మీది కృషికే. 1999 నాటి ఎంఓఎఫ్-5నే చూడండి: ఒక ఆక్సిజన్ చుట్టూ నాలుగు జింకు పరమాణువులు ఒక కూడలి, కూడలికీ కూడలికీ మధ్య బెంజీన్ వలయం. మిగతాదంతా ఖాళీ. 2020లో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం బృందం చేసిన ఎన్‌యూ-1501 అనే అల్యూమినియం చట్రంలో గ్రాముకు 7,310 చదరపు మీటర్ల లోపలి ఉపరితలం ఉంది!

ఖాళీ హాల్లో పిల్లల్ని వదిలారనుకోండి. పరుగులు పెడుతూ గోడలకు గుద్దుకుంటారు. ఆ గుద్దుళ్లే పీడనం. ఇప్పుడు హాలంతా బెంచీలు వేయండి. పిల్లలు గ్యాసు అణువులైతే, బెంచీలు ఎంఓఎఫ్ లోపలి ఉపరితలం. కొందరు కూర్చుంటారు. కూర్చున్నవాళ్లు గోడను గుద్దరు కాబట్టి అదే పీడనంలో ఇంకొందరు పడతారు. బెంచీలు కొంత చోటు తింటాయి, నిజమే. పిల్లల్ని ఊపిరాడనంతగా కుక్కేటప్పుడు బెంచీలే అడ్డం. అందుకే మరీ అధిక పీడనంలో ఖాళీ సిలిండరే గెలుస్తుంది. ఇక పిల్లల అల్లరి ఉష్ణోగ్రత. అది మీరితే ఏ బెంచీ మీదా ఎవరూ నిలవరు.

అణువులు ఇలా ఉపరితలానికి అతుక్కోవడమే అధిశోషణం. దానికి నిర్వచనం బట్టీ పట్టించి వదిలేసే పాఠాల్లో, ఈ కూర్చోబెట్టే బలం ఎంత అన్న ప్రశ్నే రాదు. అసలు సంగతంతా అందులోనే ఉంది. మామూలు ఎంఓఎఫ్ గోడకు హైడ్రోజన్ అతుక్కునే శక్తి మోల్‌కు సుమారు 5 కిలోజౌళ్లు. గది ఉష్ణోగ్రత దగ్గర అణువుల అల్లరి విలువ అదే లెక్కలో 2.5 కిలోజౌళ్లు. నిష్పత్తి 2. ద్రవ నైట్రోజన్ మరిగే 77 కెల్విన్ల దగ్గర అల్లరి 0.64కు పడిపోయి, నిష్పత్తి దాదాపు 8 అవుతుంది. ఈ నిష్పత్తి ఘాతాంకంలోకి ఎక్కుతుంది కాబట్టి మొదటి సందర్భంలో కూర్చోవడం వైపు మొగ్గు 7 రెట్లయితే, రెండోదానిలో రెండు వేల రెట్లకు పైమాటే.

ఎన్‌యూ-1501ను 77 కెల్విన్ల దగ్గర 100 బార్ల పీడనంతో (ఒక బారు అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి పీడనం) నింపి, 160 కెల్విన్లకు వేడిచేసి 5 బార్లకు దించితే లీటరుకు 46 గ్రాముల హైడ్రోజన్ చేతికొస్తుంది. గది ఉష్ణోగ్రతలో 700 బార్లకు నొక్కిన ట్యాంకులో పట్టేది 40 గ్రాములే. కానీ కారులో అంత చలిని ఎవరు మోస్తారు?

అతుకుడు పెంచితే సరిపోదా? పెంచారు. ఒక వైపు బంధం లేకుండా వదిలిన నికెల్ పరమాణువులు 13 కిలోజౌళ్ల దాకా, వనాడియం 21 దాకా పట్టుకుంటాయి. గది ఉష్ణోగ్రతకు కావలసింది 15 నుంచి 20 మధ్య. అంతకు మించితే పీడనం 5 బార్లకు దించినా కూర్చున్న పిల్లలు లేవరు.

ఇక్కడే ఇంకో చిక్కు. అతుక్కున్న ప్రతి అణువూ ఆ శక్తిని వేడిగా వదులుతుంది. మోల్‌కు 15 కిలోజౌళ్ల చొప్పున ఐదు కిలోల హైడ్రోజన్‌ను ఐదు నిమిషాల్లో నింపాలంటే, ఆ ఐదు నిమిషాలూ దాదాపు 125 కిలోవాట్ల వేడిని బయటికి తోడాలి. ఈ పొడులేమో వేడిని కదలనివ్వవు. అందుకే ఎంఓఎఫ్-5లో గ్రాఫైట్ కలిపి, బిళ్లలుగా నొక్కి చూశారు.