పక్కింట్లో సిక్సర్ ముందే పడుతుంది

ఫోన్‌లో మ్యాచ్ చూసేవాళ్లందరికీ తెలిసిన బాధే ఇది. మన బౌలర్ ఇంకా రనప్‌లోనే ఉంటాడు, పక్కింట్లో టీవీ ముందున్నవాళ్లు అప్పటికే కేకలు పెడతారు. నెట్ స్లోగా ఉందని తిట్టుకుంటాం. కానీ నెట్ ఎంత ఫాస్ట్‌గా ఉన్నా ఈ ఆలస్యం పూర్తిగా పోదు. దీని వెనక దాదాపు 50 ఏళ్ల నాటి తగువు ఒకటుంది.

1970లలో వింట్ సెర్ఫ్, బాబ్ కాన్ రూపొందించిన టీసీపీ, అంటే కంప్యూటర్ల మధ్య డేటా పంపే నియమావళి (ప్రోటోకాల్), మొదట్లో అన్ని పనులూ ఒక్కటే చేసేది. దారిలో పోయిన ప్యాకెట్‌ను, అంటే డేటా ముక్కను, మళ్లీ పంపేది, వరుస తప్పకుండా అందించేది. ఫైళ్లకు అది సరిపోయింది. నెట్‌వర్క్ మీద మాటలు పంపి చూస్తున్న డానీ కోహెన్ లాంటివాళ్లకు మాత్రం సరిపోలేదు. మాటల్లో ఒక ముక్క వినబడకపోతే 'ఏమన్నారు?' అని అడుగుతాం. ఆ ముక్క కోసం మిగతా మాటలన్నీ ఆగిపోతే సంభాషణే చెడుతుంది. 1978లో టీసీపీ నుంచి ఐపీని, అంటే ప్యాకెట్లను గమ్యం వైపు పంపే భాగాన్ని, విడదీయడానికి ఈ వాదన ఒక ముఖ్య కారణం. 1980లో ఐపీ మీద నడిచే మరో ప్రోటోకాల్, యూడీపీ వచ్చింది. దాని నిర్వచనమంతా మూడు పేజీలే. ప్యాకెట్‌ను పంపేస్తుంది, చేరిందా అని అడగదు.

వీడియోకు ఇదే సరైన దారని ఇంజినీర్లు అనుకున్నారు. 1996లో యూడీపీ మీద నడిచేలా ఆర్‌టీపీ వచ్చింది, ప్రతి ప్యాకెట్‌కూ టైమూ వరుస నంబరూ వేసేది. రెండేళ్లకు ప్లే, పాజ్ లాంటి ఆదేశాల కోసం ఆర్‌టీఎస్‌పీ వచ్చింది. లెక్క ప్రకారం అంతా బాగానే ఉంది. కానీ ఆఫీసుల్లో, కాలేజీల్లో నెట్‌వర్క్‌కు కాపలా కాసే ఫైర్‌వాల్‌లు యూడీపీని చాలాచోట్ల గేటు దగ్గరే ఆపేసేవి. టీసీపీ మీద వచ్చే వెబ్ పేజీలను మాత్రం వదిలేవి.

దాంతో వీడియో వెబ్ పేజీ వేషం కట్టింది. 2005లో మొదలైన యూట్యూబ్ వీడియోను మామూలు ఫైల్‌లా దించుతూనే ఆడించేది. పాజ్ నొక్కి, గీత నిండేదాకా టీ తాగొచ్చిన తరం మాది. అసలు మలుపు 2009లో ఆపిల్ తెచ్చిన హెచ్‌ఎల్‌ఎస్. వీడియోను చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్కనూ రకరకాల క్వాలిటీల్లో ఉంచుతుంది. నెట్‌ను బట్టి ఏది అడగాలో ఫోనే తేల్చుకుంటుంది. సర్వర్‌కు తెలివి అక్కర్లేదు. ముక్కలు ఉత్త ఫైళ్లే కాబట్టి ఊరూరా కాపీలు పెట్టుకోవచ్చు. 2012లో ఇదే పద్ధతికి డాష్ పేరుతో అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. 2023 ప్రపంచకప్ ఫైనల్‌ను హాట్‌స్టార్‌లో ఒకే సమయంలో 5.9 కోట్ల మంది చూశారంటే, ఈ ముక్కల పద్ధతి లేకుండా ఊహించడం కష్టం.

దీనికి మూల్యం ఆలస్యం. ఆపిల్ మొదట్లో సూచించిన ముక్క నిడివి 10 సెకన్లు. మూడు ముక్కలు చేతికొచ్చాక ఆడిస్తే మనం అర నిమిషం వెనకే ఉంటాం. తర్వాత ముక్కలు చిన్నవయ్యాయి, 2019లో తక్కువ ఆలస్యపు హెచ్‌ఎల్‌ఎస్‌నూ ప్రకటించారు. అయినా అడుగున ఉన్నది టీసీపీయే. క్యూలో ముందున్నవాడు కదలకపోతే వెనకున్నవాళ్లంతా నిలబడాల్సిందే.

గూగుల్‌లో జిమ్ రోస్కిండ్ 2012లో రూపొందించిన క్విక్ అనే ప్రోటోకాల్ మళ్లీ యూడీపీ మీదకు వచ్చింది. పూర్తిగా కొత్త ప్రోటోకాల్ పెడితే దారిలోని పరికరాలు తెలియనిదాన్ని పారేస్తాయి, అందుకే ఈ పాత బండి ఎక్కింది. పైగా దాదాపు అంతా ఎన్‌క్రిప్ట్ చేసింది, మధ్యవాళ్లు వేలు పెట్టకుండా. క్విక్ పోయిన ప్యాకెట్లను వదిలేస్తుందని చాలామంది అనుకుంటారు. అలా కాదు, మళ్లీ పంపుతుంది. కాకపోతే ఏది పోయిందో త్వరగా పసిగడుతుంది, ఒక వరుస ఆగితే మిగతా వరుసలను ఆపదు. యూట్యూబ్‌లో బఫరింగ్ కంప్యూటర్లపై 18 శాతం, మొబైళ్లలో 15 శాతం తగ్గిందని 2017లో గూగుల్ లెక్క చెప్పింది. 2021 మేలో క్విక్, మరుసటేడు దాని మీద నడిచే వెబ్ ప్రోటోకాల్ హెచ్‌టీటీపీ/3 అధికారిక ప్రమాణాలయ్యాయి.

వీడియో కాల్స్‌కు వాడే వెబ్‌ఆర్‌టీసీలో ఆలస్యం సెకను లోపే. అయితే దాన్ని కోట్లమందికి పంపడం ఖరీదైన పని. ఆ వేగాన్నీ ముక్కల పద్ధతిలోని చవకనూ కలపడానికి ఇంటర్నెట్ ప్రమాణాలు రూపొందించే ఐఈటీఎఫ్‌లో 2022లో ఒక బృందం ఏర్పడింది. క్విక్ మీద లైవ్ వీడియోను నేరుగా పంపడమే దాని పని.