దుంగల ఇంటి పునాది: మా రేగడి నేలల్లో అపోహలు - వాస్తవాలు

మహారాష్ట్ర నాందేడ్ జిల్లాలోని కిన్వట్, ధర్మాబాద్ వైపు ఫామ్‌హౌస్‌లు కట్టే పని నాది. ఈమధ్య ఫోన్‌లో ఫొటో చూపించి "ఇట్లాంటి దుంగల ఇల్లే కావాలి" అనేవాళ్లు ఎక్కువయ్యారు. ఫొటో చూస్తే అమెరికాదో, ఫిన్లాండ్‌దో. ఇల్లు అట్లాగే కట్టొచ్చు, పునాది మాత్రం ఇక్కడి నేల చెప్పినట్టే వేయాలి.

అపోహ: చెక్క ఇల్లు తేలిక, 2 అడుగుల పునాది చాలు.

నిండు దుంగల గోడ అంత తేలికేం కాదు. పైగా నల్లరేగడిలో తేలిక ఇంటికే ముప్పెక్కువ. వానకు రేగడి ఉబ్బి పునాదిని పైకి నెడుతుంది, ఎండాకాలం కుంచించుకుని వదిలేస్తుంది. బరువైన కట్టడం కొంతైనా అదిమి పెడుతుంది, తేలికది లేచి దిగుతూనే ఉంటుంది. పోయిన ఏప్రిల్‌లో ఒక పత్తి చేనులో నెర్రెలోకి టేపు వదిలితే రెండున్నర అడుగులు దిగింది. ఇల్లు కట్టమన్నది సరిగ్గా అక్కడే!

అందుకే ముందు రెండు మూడు చోట్ల గుంతలు తీయించండి. 4, 5 అడుగుల్లో గట్టి మొరం తగిలితే అదృష్టమే, దాని మీద ఫుటింగులు వేసి పిల్లర్లు లేపుకోవచ్చు. రేగడి లోతుగా ఉంటే అండర్ రీమ్డ్ పైల్స్ మేలు, అంటే నేలలోకి బోరు వేసి కాంక్రీటుతో నింపే స్తంభాలు. మన దేశంలో వీటిని వాడకంలోకి తెచ్చింది రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ (సీబీఆర్ఐ). బోరు అడుగున ఉల్లిగడ్డలా ఒక ఉబ్బు ఉంటుంది, పైల్ కన్నా దాదాపు రెండున్నర రెట్లు వెడల్పు. తేమ పెద్దగా మారని లోతులో, మామూలుగా 3.5 మీటర్ల దగ్గర, అది పాతుకుని కూర్చుంటుంది. పైన మట్టి ఉబ్బినా పైల్ లేవదు. పైల్స్‌ను కలిపే బీము కింద, మట్టి ఉబ్బినా తగలకుండా, 3 అంగుళాల ఖాళీ వదలాలి. మేస్త్రీలు అలవాటుకొద్దీ అందులో మట్టి కూరేస్తారు, దగ్గరుండి చూసుకోండి.

అపోహ: ప్లాన్‌లో బేస్‌మెంట్ ఉంది కాబట్టి తవ్వాల్సిందే.

మన మేస్త్రీకి బేస్‌మెంట్ అంటే నేల మీద లేపే ఎత్తు. ఫొటోతో పాటు తెచ్చే విదేశీ ప్లాన్‌లో మాత్రం భూమిలోపలి గది. చలి దేశాల్లో నేల అడుగుల లోతున గడ్డకడుతుంది, పునాది దానికన్నా కిందికి పోవాలి. ఎలాగూ తవ్వాం కదా అని గది చేసుకుంటారు. మనకా బాధ లేదు. రేగడిలో గది తవ్వితే మట్టి పక్కనుంచి గోడల్ని నెడుతుంది, వానాకాలం మోటారు పెట్టి తోడుకోవాలి. వద్దు.

అపోహ: టేకుకు చెదలు పట్టవు.

చెదలను తట్టుకునేది టేకు చేవ, అంటే దుంగ నడిమి ముదురు చెక్క. తొక్క తీసి అట్లాగే వాడే దుంగకు చుట్టూ తెల్ల చెక్క మిగులుతుంది, చెదలకు అదే విందు. మొదటి దుంగ నేలకు కనీసం ఒకటిన్నర అడుగు ఎత్తులో ఉండాలి, దాని కింద తారు షీటు పరవాలి. చెదలు కాంక్రీటు మీదుగానూ మట్టి గొట్టాలు కట్టుకుంటూ ఎక్కుతాయి. ఆ ఎత్తుంటే కంటపడతాయి. ఇంకొకటి, పాముల భయంతో పిల్లర్ల చుట్టూ ఇటుక గోడ కట్టేస్తుంటారు. గాలి ఆడక అడుగు దుంగలు పుచ్చిపోతాయి. సన్న జాలీ బిగించండి, పామూ రాదు.

అపోహ: తలుపు పట్టేసిందంటే పునాది కుంగినట్టే.

ఒకాయన ఇదే టెన్షన్‌తో రాత్రి ఫోన్ చేశారు. పొద్దున్నే వెళ్లి ట్యూబ్ లెవెల్‌తో (మట్టం చూసే నీళ్ల గొట్టం) చూశాను. నాలుగు మూలలూ ఒకే గీత మీద ఉన్నాయి. తగ్గింది గోడ. పచ్చి దుంగలతో కట్టిన 8 అడుగుల గోడ ఆరేసరికి 6 అంగుళాల దాకా దిగొచ్చు. అందుకే దర్వాజ పైన ఖాళీ వదులుతాం. అది చూడ్డానికి బాలేదని వాళ్ల వడ్రంగి చెక్కముక్కలు కొట్టి నింపేశాడు. గోడ బరువంతా దర్వాజ మీద పడింది. ముక్కలు ఊడదీయించాక తలుపు ఒంటి వేలితో తెరుచుకుంది.