పెనం మీద నీటి చుక్క

మా స్నేహితుడి కూతురు, నెల్లూరు అమ్మాయి, నాలుగేళ్లుగా చెన్నైలో ఓఎంఆర్ రోడ్డు మీద ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తోంది. ఈమధ్య బెంగళూరు నుంచి ఇంకో ఉద్యోగం వచ్చింది. "లెక్కలు వేస్తే ఇక్కడే ఉండమంటున్నాయి బాబాయ్. మనసు వెళ్లమంటోంది. మనసు మాట వినొచ్చా?" అని అడిగింది. వినాలనో వినకూడదనో చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. నాకు మాత్రం ముందు ఇంకో ప్రశ్న తోచింది. ఈ విషయంలో ఆ మనసుకు పాఠం చెప్పిందెవరు?

చెన్నై విల్లివాక్కంలో మేం వెళ్లే టిఫిన్ సెంటర్‌లో దోసె మాస్టర్ పక్కన నిలబడి చూడడం నాకు ఎంతో ఇష్టం. దోసె తీయగానే పెనం మీద నీళ్లు చిలకరిస్తాడు. కళ్లు పార్సెల్ కట్టే కుర్రాడి మీద ఉంటాయి, చెవి పెనం మీద ఉంటుంది. చుక్కలు పరుచుకుని మెల్లగా బుడగలు కడితే వేడి చాలదు. సుయ్యిమని ఆవిరైపోతే సరిపోయింది. చప్పుడు లేకుండా ముత్యాల్లా పరుగెడితే వేడి మితిమీరింది, పిండి పరుచుకునేలోపే గడ్డకడుతుంది. అప్పుడు ఇంకాసిని నీళ్లు పోసి చీపురుతో ఊడ్చేస్తాడు. ఆ ముత్యాల సంగతి 1756లోనే లైడెన్‌ఫ్రాస్ట్ అనే జర్మన్ వైద్యుడు రాశాడు. చుక్క అడుగుభాగం ఆవిరై, ఆ ఆవిరే పరుపులా చుక్కను ఎత్తి ఉంచుతుంది. నీళ్లు లోహాన్ని తాకవు కాబట్టి సుయ్యిమనవు. "ఎలా తెలుస్తుంది?" అని అడిగితే "చేతికి తెలిసిపోతుంది సార్" అన్నాడు.

చేతికి ఎలా తెలిసింది? స్విట్జర్లాండ్‌లోని ఫ్రిబూర్ విశ్వవిద్యాలయంలో వోల్ఫ్రామ్ షుల్ట్జ్ అనే మెదడు శాస్త్రవేత్త కోతుల మెదడులో, డోపమైన్ అనే రసాయనాన్ని వదిలే కణాలు పలికే తీరును కొలిచాడు. అనుకోకుండా పళ్లరసం చుక్క నోట్లో పడగానే ఆ కణాలు ఒక్కసారిగా చెలరేగాయి. రసానికి ముందు ప్రతిసారీ ఒక దీపం వెలిగిస్తూ పోతే, కొన్నాళ్లకు రసం వచ్చినప్పుడు కణాలు మామూలుగానే ఉన్నాయి, దీపం వెలిగినప్పుడే చెలరేగుతున్నాయి. అసలు విశేషం ఆ తర్వాతిది. దీపం వెలిగించి రసం ఇవ్వకపోతే, సరిగ్గా రసం రావలసిన క్షణానికి కణాలు చప్పున చల్లబడ్డాయి. అంటే అవి పలికేది సంతోషాన్ని కాదు, తేడాని. అనుకున్నదానికీ జరిగినదానికీ మధ్య తేడాని.

దీన్ని లెక్కగా రాస్తే ఒక్క వరుస చాలు. కొత్త అంచనా = పాత అంచనా + అ × (జరిగినది − పాత అంచనా). ఇక్కడ 'అ' నేర్చుకునే వేగం, సున్నాకీ ఒకటికీ మధ్య ఉంటుంది. దోసె ఎంత బాగా వస్తుందో పదికి మార్కులు వేద్దాం. ఈ చప్పుడుకి 5 వస్తాయనుకున్నాడు, 9 వచ్చాయి. తేడా 4. అ విలువ 0.1 అయితే కొత్త అంచనా 5.4. మళ్లీ 9 వస్తే తేడా 3.6, అంచనా 5.76. తేడా తగ్గుతూ పోతుంది, అంచనా నిజానికి దగ్గరవుతూ పోతుంది. తేడా సున్నాకి చేరాక నేర్చుకోవడానికి ఏమీ మిగలదు, 'చేతికి తెలిసిపోవడం' మిగులుతుంది. రోజుకి 200 దోసెలు, ఏడాదికి 300 రోజులు, పన్నెండేళ్లు అనుకోండి. ఏడు లక్షల దిద్దుబాట్లు! ఒక్కొక్కటీ రెండు నిమిషాల్లోపే, ఇంకా వేడిగా ఉండగానే.

ఇక ఉద్యోగం మారడం చూడండి. జీవితం మొత్తంలో ఏడుసార్లు మారతామేమో. ఫలితం తేలడానికి రెండు మూడేళ్లు. అది కూడా సగమే తెలుస్తుంది, వెళ్లని దారిలో ఏం జరిగేదో ఎప్పటికీ తెలియదు. ఏడు లక్షలెక్కడ, ఏడెక్కడ?

అలాగని మన మెదడు ఊరుకోదు. జవాబు సరిగ్గా అందకపోయినా ఏదో ఒకటి నేర్చేసుకుంటుంది. 1948లో స్కిన్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఆకలిగా ఉన్న పావురాలకు, అవి ఏం చేస్తున్నా పట్టించుకోకుండా, గడియారం ప్రకారం గింజలు అందేట్టు చేశాడు. ఒక పావురం గింజల కోసం గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. ఇంకొకటి పంజరం మూలకు తల పొడిచేది. గింజలు వచ్చిన క్షణంలో చేస్తున్న పనినే కారణమని పట్టుకున్నాయని ఆయన వివరణ. కుడికన్ను అదిరిందనీ, బల్లి భుజం మీద పడిందనీ, బయల్దేరుతుంటే తుమ్మారనీ ఆగిపోయేవాళ్లను చూసినప్పుడల్లా నాకు ఆ పావురాలు గుర్తొస్తాయి. వాళ్లు మూర్ఖులు కారు. దోసె మాస్టర్‌కి నేర్పిన యంత్రమే వాళ్లకూ నేర్పింది, కాకపోతే నీటి చుక్క చప్పుడుకి పెనం వేడితో సంబంధం ఉంది, బల్లికి ప్రయాణంతో లేదు. బడుల్లో పరీక్ష రాసిన మూడు వారాలకు పేపర్లు దిద్ది ఇస్తున్నామే, అదీ నాకు బాధే. ఏ లెక్క దగ్గర ఏమనుకున్నాడో పిల్లవాడు అప్పటికి మరిచిపోయి ఉంటాడు. తేడా ఎక్కడ తీయాలి?

మనస్తత్వ శాస్త్రవేత్తల్లో డేనియల్ కానెమాన్‌కి అంతర్బుద్ధి మీద, అంటే ఈ మనసు మాట మీద, అనుమానం; అగ్నిమాపక దళాల నాయకులను దగ్గరగా చూసిన గ్యారీ క్లైన్‌కి దానిమీద గురి. ఇద్దరూ కలిసి 2009లో రాసిన వ్యాసంలో తేల్చినవి రెండు షరతులు. సూచనలకీ ఫలితాలకీ నిలకడైన సంబంధం ఉండాలి, ఆ సంబంధాన్ని నేర్చుకునేంత సాధన, దిద్దుబాటు దొరకాలి. ఎంత గట్టిగా అనిపిస్తోంది అన్నది కొలబద్ద కాదన్నారు. పావురానికీ గట్టిగానే అనిపించి ఉంటుంది.

అందుకే ఆ అమ్మాయిని "వెళ్లమంటున్నది మనసులో ఏ ముక్క?" అని అడిగాను. ఇంటర్వ్యూలో కాబోయే మేనేజర్ తన కోడ్ చదివిన తీరు నచ్చిందట. ఆ ముక్కను నమ్మొచ్చు. నాలుగేళ్లుగా రోజూ తన కోడ్‌ని ఎవరో ఒకరు దిద్దుతున్నారు, ఎవరు శ్రద్ధగా చదువుతారో ఎవరు పైపైన చూస్తారో సాయంత్రానికల్లా తెలిసిపోతుంది. కొత్త ఊళ్లో ఒంటరిగా ఉండగలనన్న ముక్క సంగతి వేరు, దానికి ఒక్క దిద్దుబాటూ జరగలేదు. 1955లో కానెమాన్ ఇజ్రాయెల్ సైన్యంలో కుర్రాళ్ల ఎంపికకు ఒక పద్ధతి పెట్టాడు. ఆరు గుణాలకు విడివిడిగా మార్కులు వేశాకే కళ్లు మూసుకుని, ఇతను ఎలాంటి సైనికుడవుతాడో మొత్తంగా ఒక అంచనా చెప్పాలి. అలా చివర్లో అడిగిన అంచనా బాగా పనిచేసింది. ఆమెనూ అలాగే ఒక్కొక్కటీ విడిగా తూచి, మనసును ఆఖర్న అడగమన్నాను.

అంచనాలు రాసుకోవడానికి ఒక నోట్‌బుక్ కూడా పెట్టమన్నాను. వాతావరణ అంచనాలను తూచడానికి 1950లో గ్లెన్ బ్రయర్ ఒక లెక్క ఇచ్చాడు. రేపు వాన పడే అవకాశం 70 శాతం, అంటే 0.7 అని రాసుకున్నాం. వాన పడితే 1, పడకపోతే 0 అనుకుని తేడా తీయాలి. పడితే 0.3ని వర్గం చేసి 0.09, పడకపోతే 0.7ని వర్గం చేసి 0.49. సగటు ఎంత తక్కువైతే అంత మంచిది. అన్నింటికీ 50 శాతం అని రాసేవాడికి ఎప్పుడూ 0.25 వస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాల కాలంలో, చెన్నైలో ఈ సాధనకి కరువు లేదు. రాత్రి రాసుకుంటే మర్నాటికి జవాబు నుంగంబాక్కం వాతావరణ కేంద్రమే చెబుతుంది.

నేను అలాంటి నోట్‌బుక్ రాస్తూనే ఉన్నాను. వానల దగ్గర నా సగటు 0.25కి బాగా కిందే ఉంటుంది. మనుషులు మాట మీద నిలబడతారా లేదా అన్న పేజీల్లో దానికి పైన ఉంటుంది. అలాంటి సంగతి వచ్చినప్పుడు మా ఆవిడను అడుగుతాను. బ్యాంకులో ముప్పై ఏళ్లు అప్పుల సీట్లో కూర్చుంది. ఎదుటి మనిషి "వచ్చే నెల కట్టేస్తానమ్మా" అన్నప్పుడు ముఖం చూసేది, వచ్చే నెల వాయిదా కట్టాడో లేదో లెడ్జర్లో తారీఖుతో సహా చూసుకునేది.