పసరు, కషాయం, సూది

వినాయక చవితి నాడు 21 పత్రులతో పూజ చేస్తాం కదా, అందులో మొదటిది మాచిపత్రి. "సుముఖాయ నమః, మాచీపత్రం పూజయామి" అంటూ మొదలుపెడతాం. ఆ ఆకు నలిపితే చేతికి ఘాటైన వాసన అంటుకుని ఓ పట్టాన వదలదు. వృక్షశాస్త్రంలో అది ఆర్టిమీసియా అనే ప్రజాతికి చెందిన మొక్క. దానికి చైనాలో ఒక దగ్గరి చుట్టం ఉంది, పేరు ఛింగ్‌హావ్. చైనా వైద్యం అనగానే అందరికీ సూదులు గుర్తొస్తాయి గానీ, నాకు ముందు ఈ మొక్కే గుర్తొస్తుంది.

1967లో వియత్నాం యుద్ధం జోరుగా సాగుతోంది. అడవుల్లో సైనికులు తూటాలకే కాదు, మలేరియాకీ రాలిపోతున్నారు. అప్పటిదాకా నమ్ముకున్న క్లోరోక్విన్ పనిచెయ్యడం మానేసింది. ఉత్తర వియత్నాం సాయం అడిగితే చైనా 'ప్రాజెక్ట్ 523' అనే రహస్య పథకం మొదలుపెట్టింది. మే నెల 23న మొదలైంది కాబట్టి ఆ పేరు. 1969లో బీజింగ్‌లోని సంప్రదాయ వైద్య సంస్థలో తూ యూయూ అనే శాస్త్రవేత్తకి ఈ పని అప్పగించారు. ఆమె పాత గ్రంథాలు తిరగేసి, ముసలి వైద్యుల్ని అడిగి దాదాపు 2000 చిట్కాలు పోగుచేసింది. సుమారు 200 మొక్కల నుంచి 380కి పైగా సారాలు తీసి ఎలుకల మీద పరీక్షించారు. ఛింగ్‌హావ్ సారం ఒకసారి బాగా పనిచేసేది, మళ్లీ చేస్తే ఫలితం వచ్చేది కాదు.

కారణం 4వ శతాబ్దపు పుస్తకంలో దొరికింది. గె హోంగ్ అనే వైద్యుడు రాసిన అత్యవసర చికిత్సల పుస్తకం అది. విడిచి విడిచి వచ్చే జ్వరానికి గుప్పెడు ఛింగ్‌హావ్‌ని నీళ్లలో నానబెట్టి, పిండి, ఆ రసం తాగమని అందులో ఉంది. తెలుగువాళ్లకి ఇందులో కిటుకు చటుక్కున తెలుస్తుంది: ఆయన చెప్పింది పసరు. మిగతా చైనా మందులు చాలావరకు కషాయాలు, కుండలో వేసి మరిగించేవి. ఈ మొక్కకి మాత్రం మరిగించమని లేదు. మందు వేడికి చెడిపోతోందేమోనని తూ యూయూకి అనుమానం వచ్చింది. నీళ్లు మానేసి ఈథర్ వాడింది. ఈథర్ సుమారు 35 డిగ్రీలకే మరుగుతుంది, అంటే మన మే నెల మధ్యాహ్నం దానికి పొయ్యి కూడా అక్కర్లేదు. 1971 అక్టోబరులో 191వ నమూనా ఎలుకల రక్తంలోని మలేరియా క్రిముల్ని పూర్తిగా తుడిచిపెట్టింది. మరుసటి ఏడాది రోగులకి ఇచ్చేముందు ఆమె, మరో ఇద్దరు సహోద్యోగులు తామే మింగి చూసుకున్నారు. 2015లో నోబెల్ వచ్చింది.

ఆ సారంలోంచి విడదీసిన పదార్థమే ఆర్టిమిసినిన్. దాని అణువులో రెండు ఆక్సిజన్లు వంతెనలా ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. మలేరియా క్రిమి మన ఎర్ర రక్తకణంలో దూరి హిమోగ్లోబిన్ తింటుంది, ఆ తిండిలోంచి ఇనుము బయటపడుతుంది. ఇనుము తగలగానే ఈ వంతెన తెగి, పుట్టిన విషకణాలు క్రిమినే చంపేస్తాయి. మలేరియా క్రిమిని దోమ పొట్టలో రోనాల్డ్ రాస్ మొదటిసారి చూసింది సికింద్రాబాద్‌లో, 1897 ఆగస్టు 20న. ఇవాళ మన్యంలో ఫాల్సిపారమ్ అనే ప్రమాదకరమైన రకం మలేరియా వచ్చినవాళ్లకి ఇచ్చే ఆర్టిసునేట్ అనే మందు ఆర్టిమిసినిన్ నుంచి తయారైనదే. అలాగని పూజలో మిగిలిన మాచిపత్రి నమిలితే జ్వరం తగ్గుతుందనుకోకండి. చుట్టరికం ఉంది గానీ, ఆ మందు ఇందులో పనికొచ్చేంత లేదు.

ఈ కథ చెప్పి 'చూశారా, పాత వైద్యమే గొప్పది' అనేవాళ్లుంటారు, 'కెమిస్ట్రీ లేకపోతే ఆ పుస్తకానికి చెదలు పట్టేది' అనేవాళ్లూ ఉంటారు. పుస్తకం దారి చూపింది నిజమే. కానీ 380 సారాల్లో నోబెల్ దాకా వెళ్లింది ఒక్కటి. మిగతావాటి గురించి ఎవరూ సభలు పెట్టరు.

అసలు చైనా వైద్యుడు రోగిని చూసే తీరు మనకి మరీ కొత్తేం కాదు. మామిడిపళ్లు తింటే వేడి, మజ్జిగ చలవ అని మనం అనుకుంటాం. వాళ్లకీ రోగాల్లో, మందుల్లో వేడీ చలవా ఉన్నాయి. యిన్ (చలవ), యాంగ్ (వేడి) అనే జంట ఈ లెక్కకి మూలం. ఒంట్లో తిరిగే ప్రాణశక్తి 'ఛీ'. నాలుక చూస్తారు, రెండు మణికట్ల దగ్గరా మూడేసి చోట్ల నాడి పడతారు. మందు ఒకే మూలికతో ఇవ్వడం తక్కువ. మూలికల మధ్య రాజు, మంత్రి, సహాయకుడు, దూత అని హోదాలుంటాయి. జలుబు జ్వరానికి ఇచ్చే గుయిజి థాంగ్ అనే కషాయం దాదాపు 1800 ఏళ్ల నాటిది. అందులో దాల్చిన కొమ్మలు, పియొనీ అనే పూలమొక్క వేరు, అల్లం, అతిమధురం, రేగులాంటి పండ్లు, మొత్తం ఐదే సరుకులు. తాగాక వేడి గంజి తాగి, దుప్పటి కప్పుకుని కొద్దిగా చెమట పట్టనివ్వాలట. ఈ మాట మా అమ్మమ్మ చెప్పిందంటే నమ్మేస్తాను.

ఇక సూదులు. 1973లో చాంగ్‌షా నగరం దగ్గర మావాంగ్‌దుయిలో క్రీ.పూ. 168లో మూసిన ఒక సమాధి తవ్వితే పట్టుబట్ట మీద రాసిన వైద్య గ్రంథాలు బయటపడ్డాయి. వాటిలో ఒంట్లోని 11 దారుల వర్ణన ఉంది గానీ సూదుల ఊసే లేదు. ఉన్నది ఒక ఆకు పొడిని వెలిగించి ఒంటికి కాక పెట్టడం. ఆ ఆకు కూడా ఆర్టిమీసియా ప్రజాతిదే! సూది వైద్యం వివరంగా కనిపించేది తర్వాత కూర్చిన 'హువాంగ్‌ది నెయిజింగ్' అనే గ్రంథంలో. అక్కడికి ఛీ తిరిగే ఈ దారులు 12 అయ్యాయి, సూది గుచ్చడానికి ఇప్పుడు లెక్కలో ఉన్న సంప్రదాయ బిందువులు 361. మధ్యలో 1822లో రాజవైద్యశాలలోంచి ఈ విద్యని చక్రవర్తే వెళ్లగొట్టాడు. 1950లలో డాక్టర్లు చాలక మావో ప్రభుత్వం దాన్ని మళ్లీ పైకి తెచ్చింది. మన దేశానికి దారి వేసినవాళ్లలో బి.కె. బసు ఒకరు. 1938లో జపాన్‌తో యుద్ధం చేస్తున్న చైనాకి సాయంగా మన దేశం నుంచి వెళ్లిన డాక్టర్ కోట్నిస్ తదితర ఐదుగురు వైద్యుల్లో ఆయనా ఉన్నారు. తర్వాత మళ్లీ వెళ్లి నేర్చుకొచ్చి, కలకత్తాలో మొదలుపెట్టారు.

ఇంజెక్షన్ సూదిలా ఇది బోలుగా ఉండదు, సుమారు పావు మిల్లీమీటరు మందం ఉండే గట్టి స్టీలు తీగ. సరిగ్గా గుచ్చితే నొప్పి కాదు, ఒక బరువు, తిమ్మిరి. మరి పనిచేస్తుందా? జర్మనీలో 1,162 మంది నడుంనొప్పి రోగుల్ని మూడు గుంపులు చేసి, ఫలితాలు 2007లో ప్రచురించారు. ఒక గుంపుకి శాస్త్రం ప్రకారం సూదులు. రెండో గుంపుకి ఉత్తుత్తి సూదులు, అంటే బిందువులు కానిచోట పైపైన గుచ్చడం. మూడో గుంపుకి మామూలు మందులు, ఫిజియోథెరపీ, వ్యాయామం. ఆరు నెలల తర్వాత మేలు కనిపించింది మొదటి గుంపులో 47.6 శాతం మందికి, రెండోదాంట్లో 44.2 శాతానికి, మూడోదాంట్లో 27.4 శాతానికే.

ఈ అంకెలు ఇరు పక్షాలకీ ఇబ్బందే. సూదులు మామూలు వైద్యం కన్నా ఎక్కువమందికి ఉపశమనం ఇచ్చాయి. కానీ ఎక్కడ గుచ్చారన్నది దాదాపు లెక్కలోకి రాలేదు. వేల ఏళ్లుగా గీసిన పటం తీసేసినా ఫలితం నిలబడింది. గుచ్చినప్పుడు ఒంట్లో ఊరే, నొప్పిని తగ్గించే ఎండార్ఫిన్లు కొంత కారణం కావచ్చు, 'నాకు ఏదో చేస్తున్నారు' అన్న నమ్మకం చాలా కారణం కావచ్చు. మా పెద్దమ్మ మోకాళ్లకి ఆరు వారాలు సూదులు పెట్టించుకుంది. నొప్పి తగ్గిందా అని అడిగితే, "నొప్పెక్కడికి పోతుందిరా, కానీ మెట్లెక్కుతున్నా" అంది. నొప్పికైతే ప్రయత్నించి చూడొచ్చు, కొత్త సూదుల ప్యాకెట్ మన కళ్లముందే విప్పాలి. షుగరూ క్యాన్సరూ సూదులతో నయం చేస్తామనే బోర్డు కనిపిస్తే మాత్రం ఆ మెట్లు ఎక్కకండి.

మూలికల దగ్గర నాకు భయం ఎక్కువ. 'సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు' అనే మాట అక్కడే ఎక్కువ వినపడుతుంది. 1990ల మొదట్లో బ్రస్సెల్స్‌లో సన్నబడాలని చైనా మూలికల గుళికలు వేసుకున్న ఆడవాళ్లలో దాదాపు వందమందికి కిడ్నీలు పాడయ్యాయి. గుళికల్లో పడాల్సిన మూలిక పేరు ఫాంగ్‌జి, పడింది గువాంగ్ ఫాంగ్‌జి. పేర్లు దగ్గర, మొక్కలు వేరు. రెండోదానిలో ఉన్న అరిస్టోలోకిక్ ఆమ్లం కిడ్నీల్ని ఎండగట్టి, మూత్రనాళాల్లో క్యాన్సర్ తెస్తుంది. 2004లో చైనా ఆ మూలికని నిషేధించింది.

ఆ మొక్క చుట్టం మన పొదల్లోనూ ఉంది: ఈశ్వరి, కొన్నిచోట్ల నల్లేశ్వరి. పాముకాటుకి నాటుమందుగా దాని వేరుకి పెద్ద పేరు. అదే ఆమ్లం దీనిలోనూ ఉంది. ఎర్రటి ఒళ్లున్న ఒక రకం సీతాకోకచిలుక తన గుడ్లు ఈ తీగ మీద, దీని చుట్టాల మీదే పెడుతుంది. గొంగళిపురుగులు ఆ ఆకులు తిని విషాన్ని ఒంట్లో దాచుకుంటాయి. రెక్కలొచ్చాక కూడా ఆ విషం అలాగే ఉంటుంది కాబట్టి పిట్టలు వాటి జోలికి పోవు.